రెండు ఆప్షన్లూ కరెక్టే అనిపించినప్పుడు

(ఒంగోలులో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న వాళ్ల ముందు ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్ చేసిన ప్రసంగం. రానివాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. బోర్డు మీద రాసిన పేరాలు, ప్రశ్నలు విడిగా ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా. ముందు వరస ఖాళీగానే ఉంది, ఏ ఊరెళ్లినా ఇంతే. రండి, ఎవర్నీ లేపి ప్రశ్నలు అడగను. బోర్డు మీద రాసేది కనపడాలి, అందుకని పిలుస్తున్నా.

ప్యాసేజ్ వేగంగా ఎట్లా చదవాలి, కొత్త మాటలు ఎట్లా నేర్చుకోవాలి, పేపర్ రోజూ చదవాలా వద్దా, వీటి జోలికి ఈరోజు పోను. అవి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాట్లాడేది ఒక్క నిమిషం గురించి. పరీక్ష హాల్లో మీరు ప్యాసేజ్ చదివేశారు. అర్థమైంది కూడా. ప్రశ్న చదివారు, ఆప్షన్లలో పనికిరానివి కొట్టేశారు. రెండు మిగిలాయి. రెండూ కరెక్టే అనిపిస్తున్నాయి. ఆ నిమిషం. "ఏంది సార్, రెండూ ఒకటే గదా" అని మీరు నన్నడిగే ఆ నిమిషం.

మార్కులు ఎక్కడ పోతున్నాయో ఎప్పుడన్నా లెక్క చూసుకున్నారా? అసలు అర్థంకాని ప్యాసేజ్ వల్ల పోయేవి కొన్ని. దాని గురించి మనకి పెద్ద బాధుండదు, రాలేదు, వదిలేశాం అనుకుంటాం. "రెండిట్లో ఒకటి పెట్టాను సార్, రెండోది పెట్టుంటే వచ్చేది" అంటారు చూడండి, అసలు కడుపుమంట అక్కడ. మాక్ టెస్ట్ అయ్యాక మీ నోటి నుంచి నేను ఎక్కువగా వినే మాట అదే. అంటే ప్యాసేజ్ మీకు వచ్చు, చివరి అడుగు దగ్గర జారుతున్నారు. ప్యాసేజ్ వచ్చినవాడు ఇంకా ఎక్కువ ప్యాసేజ్‌లు చేస్తే ఆ అడుగు సరిగ్గా పడదు. ఆ అడుగును విడిగా నేర్చుకోవాలి.

ముందుగా ఒక మాట నమ్మండి. రెండూ ఒకటే కావు. దాదాపు ఎప్పుడూ కావు. ఎందుకు ఇంత ధైర్యంగా చెప్తున్నాను? పేపర్ తయారుచేసేవాళ్ల వైపు నుంచి చూడండి. వాళ్లకి మీకంటే పెద్ద భయం ఉంటుంది. జవాబుల కీ విడుదలవుతుంది, అభ్యంతరాలు తీసుకుంటారు, ఒక్క ప్రశ్న మీద వేలమంది పడతారు, కొన్ని కోర్టుదాకా పోతాయి. డీఎస్సీకి చదివినవాళ్లకి ఇదంతా నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ప్రశ్న రాసినాయన ప్రతి తప్పు ఆప్షన్ పక్కన ఒక కారణం రాసి పెట్టుకోవాలి. "ఇది ఎందుకు తప్పంటే, ఇదిగో ఈ మాట ప్యాసేజ్‌లో లేదు" అని ఎవరడిగినా వేలు పెట్టి చూపించగలగాలి. అట్లా చూపించలేని ఆప్షన్ పెడితే ఆయన ఇరుక్కుంటాడు.

ఇప్పుడు మీరు చేసే పని చూడండి. రెండు ఆప్షన్లు పక్కపక్కన పెట్టుకుని "దీన్లో ఏది బాగుంది?" అని అడుగుతున్నారు. అవునా కాదా? ఏది ఎక్కువ కరెక్టు, ఏది నిండుగా ఉంది, ఏది వినసొంపుగా ఉంది. ఆ ప్రశ్నే తప్పు. తప్పు ఆప్షన్ బాగుండేటట్టే తయారుచేస్తారు, అదే దాని పని. మీరు వెతకాల్సింది ఏది బాగుంది అని కాదు, దేన్లో లోపం ఉంది అని. మనిళ్లల్లో చేటలో బియ్యం పోసుకుని ఏరేటప్పుడు ఏం చేస్తారు? ఇది మంచి గింజ, ఇది ఇంకా మంచి గింజ అని చూస్తామా? రాయి కోసం చూస్తాం. రాయి కనపడితే తీసేస్తాం, మిగిలింది అన్నానికి పోతుంది. అంతే. మిగిలిన ఆప్షన్ మీకు నచ్చకపోయినా సరే, పేలవంగా ఉన్నా సరే, దాన్లో రాయి లేదు కాబట్టి అదే జవాబు.

ఎంత చిన్న తేడా ఉండొచ్చో ఒకటి చూపిస్తా. మనకు తెలిసిన మనిషి గురించే. "1953 అక్టోబర్ 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి టంగుటూరి ప్రకాశం తొలి ముఖ్యమంత్రి." ఇది ఒక ఆప్షన్. "టంగుటూరి ప్రకాశం ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి." ఇది రెండోది. మన జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం, గబగబా చదివితే రెండూ కరెక్టే అనిపిస్తాయి. కానీ ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956 నవంబర్ 1న, దానికి తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. రెండు వాక్యాల్లో మనిషి ఒకడే, పదవి ఒకటే, తేడా రాష్ట్రం పేరు చివర ఉంది. మన కళ్లు తెలిసిన పేరు దగ్గర ఆగిపోయి, పక్కమాట చూడవు.

సరే, ఇది జీకే అనుకోండి. ప్యాసేజ్ ఒకటి తీసుకుందాం. ఒంగోలు వాళ్ల ముందు ఒంగోలు ఎద్దు గురించి మాట్లాడకపోతే ఊరుకోరు గదా, అందుకని నేనే ఒక పేరా రాసుకొచ్చా. చదువుతా, బోర్డు మీద కూడా ఉంది.

"ఒంగోలు జాతి పశువులు ఎండను బాగా తట్టుకుంటాయి. మన ప్రాంతంలో తరతరాలుగా వీటిని ముఖ్యంగా దుక్కికీ, బండికీ వాడారు. పాలు కూడా ఇస్తాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ పశువులు బ్రెజిల్ చేరాయి. అక్కడ వీటిని మాంసం కోసం పెంచారు, అందుకు తగిన వాటినే ఏరుకుంటూ సంతతిని వృద్ధి చేశారు. నెల్లూరు పేరు మీదుగా నెలోర్ అని పిలిచే ఈ పశువులదే ఈరోజు ఆ దేశపు మాంసపు పశువుల్లో పెద్ద వాటా. ఇక్కడ మాత్రం ట్రాక్టర్లు వచ్చాక దుక్కిటెద్దుల అవసరం తగ్గింది. దాంతోపాటే వీటిని పెంచే రైతులూ తగ్గుతూ వచ్చారు."

ఒంగోలు పశువుకి నెల్లూరు పేరు ఏంది అని నెల్లూరు వాళ్లు నవ్వుతున్నారు, ఒంగోలు వాళ్లు మొహం మాడ్చుకున్నారు. 1904లో గుంటూరు జిల్లా కట్టేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది లెండి. ఆ గొడవ బయటికెళ్లాక తేల్చుకోండి. మొదటి ప్రశ్న.

పేరా ప్రకారం, మన ప్రాంతంలో ఒంగోలు జాతిని పెంచే రైతులు తగ్గడానికి దారితీసింది ఏది?
1. ఈ పశువులు బ్రెజిల్‌కు తరలిపోవడం
2. పొలం పనికి ఎద్దుల అక్కర తగ్గడం
3. వీటి పాల దిగుబడి తక్కువగా ఉండటం
4. ట్రాక్టర్లు రావడంతో దుక్కిటెద్దుల అవసరం పూర్తిగా లేకుండా పోవడం

ఎంతమంది నాలుగు పెట్టారు? చేతులెత్తండి, సిగ్గుపడొద్దు. చాలామందే ఉన్నారు. రెండు? మూడు? మూడుకి కూడా లేచాయి చేతులు, బాగుంది.

నాలుగు ఎందుకు పెట్టారమ్మా? "ట్రాక్టర్లు అని ప్యాసేజ్‌లో ఉంది సార్." ఉంది. "దుక్కిటెద్దుల అవసరం అని కూడా ఉంది." అదీ ఉంది. రెండోదాన్లో ట్రాక్టర్ మాటే లేదు, "అక్కర" అని ఏదో అన్నారు, చిన్నగా ఉంది. అందుకని నాలుగు నిండుగా కనపడింది. ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టి, రెంట్లోనూ ఉన్నదాన్ని మనసులో కొట్టేయండి. ఎద్దుల అవసరం, రెంట్లోనూ ఉంది, కొట్టేయండి. ఇక తేడా ఏం మిగిలింది? ఒకటి, ట్రాక్టర్లు. రెండు, ఒకదాన్లో "తగ్గడం", ఒకదాన్లో "పూర్తిగా లేకుండా పోవడం". ట్రాక్టర్లు ప్యాసేజ్‌లో ఉన్నాయి, దాని మీద గొడవ లేదు. ఇప్పుడు ఒకే ఒక ప్రశ్న పట్టుకుని ప్యాసేజ్‌లోకి వెళ్లండి: అవసరం తగ్గిందా, పోయిందా? "తగ్గింది" అని ఉంది. అయిపోయింది. "పూర్తిగా" అన్నదే రాయి.

చూశారా, ప్యాసేజ్ మొత్తం మళ్లీ చదవలేదు. మీరు చేసే ఇంకో పొరపాటు ఇదే, రెండు మిగిలితే ప్యాసేజ్ మొదట్నుంచి మళ్లీ చదవడం మొదలుపెడతారు. దేనికోసం చదువుతున్నారో తెలియకుండా రెండోసారి చదివితే మొదటిసారి కనపడనిది రెండోసారి ఎందుకు కనపడుతుంది? ముందు ఆప్షన్‌ని ఆప్షన్‌తో చదవండి. తేడా పట్టుకోండి. ఆ తేడాని ప్రశ్నగా మార్చుకోండి. ఆ ప్రశ్నతో ఒక్క వాక్యం దగ్గరికి వెళ్లండి. ఐబీపీఎస్ పెట్టే బ్యాంక్ పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషు 30 ప్రశ్నలు 20 నిమిషాల్లో చేయాలి. ప్యాసేజ్‌ని రెండుసార్లు చదివే తీరిక అక్కడ ఎవరిస్తారు?

ఇంకో సంగతి గమనించండి. తప్పు ఆప్షన్ ప్యాసేజ్‌లోని మాటల్ని ఉన్నవున్నట్టు వాడింది. ఒప్పు ఆప్షన్ వేరే మాటల్లో చెప్పింది. ప్యాసేజ్‌లో "దుక్కిటెద్దుల అవసరం", ఒప్పు ఆప్షన్‌లో "పొలం పనికి ఎద్దుల అక్కర". ఇది ఊరికే జరగలేదు. తెలిసిన మాట కనపడగానే మనకి ధైర్యం వస్తుందని వాళ్లకి తెలుసు. అట్లాగని తెలిసిన మాట ఉన్నదల్లా తప్పనుకోవద్దు. ధైర్యం వచ్చినచోట ఒక్క క్షణం ఆగండి, అంతే.

మూడు పెట్టిన అబ్బాయ్, ఎందుకు పెట్టావో చెప్పు నాయనా. "మా ఇంట్లో అదే కారణంతో అమ్మేశారు సార్, జెర్సీ ఆవుల్ని తెచ్చుకున్నారు." చూడండి. ఆ అబ్బాయి చెప్పింది అబద్ధమా? కాదు. వాళ్ల నాన్నగారు చేసింది అదే. కానీ ప్రశ్నలో "పేరా ప్రకారం" అని ఉంది. పేరాలో పాల గురించి ఏముంది? "పాలు కూడా ఇస్తాయి." ఎన్ని ఇస్తాయి, తక్కువా ఎక్కువా, దానివల్ల ఎవరన్నా అమ్మేశారా, ఏమీ లేదు. మనకు బాగా తెలిసిన విషయం మీద ప్యాసేజ్ వస్తే సంతోషపడతాం గదా? నిజానికి అక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. తెలియని విషయమైతే ప్యాసేజ్ తప్ప మనకి దిక్కులేదు, దాన్నే పట్టుకుంటాం. తెలిసిన విషయమైతే ప్యాసేజ్‌లో లేని వాక్యాలు మన బుర్రలోంచి వచ్చి దాన్లో కూర్చుంటాయి. మీ ఊరి గురించి ప్యాసేజ్ వస్తే, మీరు పక్క రాష్ట్రం వాళ్లనుకుని చదవండి.

అదే పేరా మీద రెండో ప్రశ్న. ఈ పేరా సారాంశం ఏమిటి? మొదటి ఆప్షన్, "బ్రెజిల్‌లో ఒంగోలు జాతి పశువులను మాంసం కోసం పెంచుతున్నారు." రెండోది, "ఒక పశుజాతి పెంపకం ఒకచోట విస్తరించి ఇంకోచోట తగ్గడం వెనక, దాన్ని ఏ పనికి వాడుకున్నారన్నది ఉంది." మూడోది, "ఒంగోలు జాతిని కాపాడుకోవడంలో మనం విఫలమయ్యాం." నాలుగోది వదిలేయండి, అది ఎవరూ పెట్టరు.

మొదటిది నిజం, ప్యాసేజ్‌లో ఉంది, అయినా జవాబు కాదు. ఎందుకు? అడిగింది సారాంశం. అది పేరాలో ఒక ముక్క మాత్రమే, ట్రాక్టర్ల సంగతి దాన్లో ఇమడదు. ప్యాసేజ్‌తో సరిపోతే చాలదు, ప్రశ్నతో కూడా సరిపోవాలి. ఇది మీకు తెలుసు, త్వరగా వెళ్లిపోదాం. అసలు పోటీ రెండుకీ మూడుకీ మధ్య.

మూడోది చదివితే మనకేమనిపిస్తుంది? గుండెల్లో తగుల్తుంది. మన ఎద్దు అక్కడ వృద్ధిలోకి వచ్చింది, ఇక్కడ తగ్గిపోయింది, మనమే కాపాడుకోలేదు. ఒంగోల్లో కూర్చున్నవాడికి అది కరెక్టు అనిపించకపోతే ఆశ్చర్యం. కానీ పేరా రాసినవాడు ఎవర్నన్నా తప్పుపట్టాడా? వెతకండి. "తగ్గింది", "తగ్గుతూ వచ్చారు." అంతే. కాపాడుకోవాల్సింది అనలేదు, విఫలమయ్యాం అనలేదు. "విఫలం" అన్న మాటలో ఒక తీర్పు ఉంది. ఆ తీర్పు ఇచ్చింది పేరా కాదు, చదివిన మీరు. రచయిత చెప్పిన సంగతి ఒకటి, దాన్ని చదివి మీకు కలిగిన బాధ ఒకటి. ఆప్షన్ తయారుచేసేవాళ్లు ఆ బాధని కూడా వాక్యంగా రాసి పెడతారు.

ఇక్కడ తెలుగులో పరీక్ష రాసేవాళ్లకి ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. టెట్, డీఎస్సీ, గ్రూప్స్, సచివాలయం పోస్టులు, ఏదైనా సరే. ఇంగ్లీషులో అయితే ఓన్లీ, ఆల్సో, మే లాంటివి విడి మాటలుగా నిలబడి ఉంటాయి, కంటికి తగుల్తాయి. తెలుగులో అవి మాట చివర అంటుకుని ఉంటాయి. "కౌలు రైతులు నష్టపోయారు", "కౌలు రైతులూ నష్టపోయారు", "కౌలు రైతులే నష్టపోయారు." ఎన్ని అక్షరాల తేడా? ఒక్క గుణింతం తేడా. అర్థం చూస్తే మొదటిదాన్లో వేరేవాళ్ల సంగతి తెలియదు. రెండోదాన్లో వేరేవాళ్లు కూడా నష్టపోయారు. మూడోదాన్లో వేరేవాళ్లు నష్టపోలేదు. మూడూ మూడు వేరే వాక్యాలు. గబగబా చదివే కంటికి మూడూ ఒకటే.

క్రియ దగ్గర కూడా అంతే. "ధర తగ్గుతుంది", "ధర తగ్గవచ్చు", "ధర తగ్గాలి." ఒకటి జరిగేది, ఒకటి జరిగే అవకాశం, ఒకటి రచయిత కోరిక. "పెంచే రైతులు తగ్గుతూ వచ్చారు" అన్నదానికీ "పెంచే రైతులు లేకుండాపోయారు" అన్నదానికీ మధ్య ఇందాక మనం చూసిన దూరమే ఉంది. అందుకని రెండు ఆప్షన్లు మిగిలినప్పుడు మాటల మొదళ్లు కాదు, చివరలు చదవండి. నా మాట విని ఒక వారం చేసి చూడండి. పెన్సిల్‌తో మాట చివర చిన్న గీత పెట్టుకోండి. తర్వాత గీత అక్కర్లేదు, కన్ను అలవాటుపడుతుంది.

ఇప్పుడు ఒక మూఢనమ్మకం సంగతి చూద్దాం. "అన్నీ, ఎప్పుడూ, ఎవరూ, మాత్రమే లాంటి మాటలున్న ఆప్షన్ ఎప్పుడూ తప్పే" అని మీకు ఎవరో చెప్పి ఉంటారు. ఎంతమంది విన్నారు? అందరూ విన్నారు. చెప్పినాయన కూడా "ఎప్పుడూ" అనే చెప్పాడు చూడండి, ఆయన సూత్రం ప్రకారం ఆయన సూత్రమే తప్పు. ఈ చిట్కా సగం పనిచేస్తుంది, అందుకే ప్రమాదం. ప్యాసేజ్‌లో "దరఖాస్తు చేసిన ఏ ఒక్కరికీ రుణం అందలేదు" అని ఉందనుకోండి. ఒక ఆప్షన్ "దరఖాస్తుదారుల్లో ఎవరికీ రుణం రాలేదు." ఇంకోటి "దరఖాస్తుదారుల్లో చాలామందికి రుణం రాలేదు." చిట్కా నమ్మినవాడు "ఎవరికీ" చూసి భయపడి రెండోది పెడతాడు. "చాలామందికి" అంటే కొందరికి వచ్చిందన్న ధ్వని ఉంది, ప్యాసేజ్‌లో ఒక్కరికి కూడా రాలేదు. అక్కడ గట్టిమాటే ఒప్పు. ఆప్షన్ గట్టిగా ఉందా మెత్తగా ఉందా అని చూడొద్దు. ప్యాసేజ్ ఎంత గట్టిగా చెప్పిందో ఆప్షన్ అంతే గట్టిగా చెప్పిందా అని చూడండి. ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే.

పొడవాటి ఆప్షన్ కరెక్టు, వరసగా మూడుసార్లు బి వచ్చింది కాబట్టి ఈసారి బి రాదు, ఇవి కూడా వింటుంటా. వాటి గురించి మాట్లాడి టైమ్ వేస్ట్ చేయను.

ఇంకో పేరా. ఇది నెల్లూరు వాళ్లకి. కోట, ముత్తుకూరు, విడవలూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ఉన్నారా? ఉన్నారు. రొయ్యల చెరువుల గురించి మీకు నేను చెప్పేదేముంది. అయినా చదువుతా.

"1990ల మొదట్లో నెల్లూరు తీరంలో రొయ్యల చెరువులు వేగంగా పెరిగాయి. 1990ల మధ్యలో తెల్లమచ్చల వ్యాధి వచ్చి చాలామంది రైతులు దెబ్బతిన్నారు. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువుల్లో సంప్రదాయ పద్ధతిలోవి మినహా మిగిలినవి తొలగించాలని తీర్పు చెప్పింది. 2005లో తీర ప్రాంత ఆక్వా సాగును నియంత్రించే చట్టం వచ్చింది. 2009లో వనామి రకానికి అనుమతి దొరికాక సాగు మళ్లీ పుంజుకుంది. రైతుకు ఇది మంచిదే. అయితే చెరువుల నుంచి కాలువల్లోకి వదిలే నీటి మీద అదుపు లేకపోతే ఈ పెరుగుదల ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఇప్పుడే వేసుకోవాల్సిన ప్రశ్న."

రెండు ఆప్షన్లు చెప్తా. "వ్యాధి సోకిన తర్వాత సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది." "వ్యాధి సోకడంతో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది." ఏది? "తర్వాత", "సోకడంతో." మళ్లీ మాట చివర చూడండి. పేరాలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి, అంతే. ఒకటి ఇంకోదానికి కారణమని పేరా ఎక్కడా అనలేదు. నిజానికి ఆ కేసు పర్యావరణం మీద, తీరప్రాంత జనం బతుకు మీద పడింది. తమిళనాడుకు చెందిన గాంధేయవాది జగన్నాథన్ వేశారు. కానీ అది కూడా పేరాలో లేదు కాబట్టి మీకు తెలిసినా దాని జోలికి పోవద్దు. వాక్యం పక్కన వాక్యం ఉంటే మన బుర్ర ఊరుకోదు, మధ్యలో ఒక "కాబట్టి" తగిలించుకుంటుంది. కారణం అడిగే ప్రశ్నల్లో పేరా ఆ "కాబట్టి"ని తనే అన్నదా, మీరు తగిలించారా అని చూసుకోండి. "వల్ల", "దాంతో", "అందుకే", "కారణంగా" లాంటిది పేరాలో ఉందా? లేకపోతే కారణం చెప్పే ఆప్షన్ మీద అనుమానం పడండి.

ఇదే పేరాకి ఇంకో ప్రశ్న, రచయిత వైఖరి. ఒకటి, "రచయిత రొయ్యల సాగును వ్యతిరేకిస్తున్నారు." రెండు, "రొయ్యల సాగు ఇప్పుడున్న తీరులో నిలుస్తుందా అని రచయిత సందేహిస్తున్నారు." చాలామంది చివరి వాక్యం చదివి ఒకటి పెడతారు. ప్రశ్నించినవాడల్లా వ్యతిరేకా? "రైతుకు ఇది మంచిదే" అని ముందే ఒప్పుకున్నాడు గదా. వైఖరి ప్రశ్నల్లో "అయితే", "కానీ", "అయినా" అన్న మాటకి రెండు వైపులా ఉన్నది కలిపి చదవాలి. ఒకవైపే చదివితే రచయితని మెచ్చుకునేవాణ్ని చేస్తారు, లేకపోతే శత్రువుని చేస్తారు. మెచ్చుకుంటూనే అనుమానపడే మనుషులు ఉండరా? మన ఇళ్లల్లో పెద్దవాళ్లందరూ అట్లాగే మాట్లాడతారు.

ఇక్కడ అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా. "ఇంత చూశాక కూడా రెండు మిగిలితే పెట్టాలా, వదిలేయాలా సార్?" మంచి ప్రశ్న. దీనికి లెక్క ఉంది, చూద్దాం.

టెట్‌లో నెగటివ్ మార్కులు లేవు. అక్కడ వదలడమన్న మాటే లేదు, 150కి 150 గుర్తించి రావాల్సిందే. బ్యాంక్ పీవోలో తప్పుకి పావు మార్కు పోతుంది, అయిదు ఆప్షన్లు ఉంటాయి. మీ దగ్గర రెండే మిగిలిన ప్రశ్నలు 8 ఉన్నాయనుకోండి. కళ్లు మూసుకుని పెట్టినా దాదాపు 4 ఒప్పవుతాయి, 4 తప్పవుతాయి. నాలుగు మార్కులు వస్తాయి, ఒక మార్కు పోతుంది, 3 మిగులుతాయి. వదిలేస్తే సున్నా. సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపర్, సీశాట్. ప్రశ్నకి రెండున్నర మార్కులు, తప్పుకి అందులో మూడో వంతు పోతుంది. అక్కడ కూడా రెండు మిగిలితే పెట్టడమే లాభం. మొత్తం 200లో 33 శాతం, అంటే 66 మార్కులొస్తే చాలు, కానీ మనవాళ్లు కొంతమంది ఆ 66 దగ్గరే ఆగిపోతున్నారు. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలోనే ఉంటుంది గదా, ప్యాసేజ్‌లు మనకు ఇంకో భాషలో చదవాల్సి వస్తుంది.

అయితే ఈ లెక్క రెండు మిగిలినప్పటికే. ఒక్కటి కూడా కొట్టేయలేకపోతే, అయిదూ ఒకేలా కనపడితే? అయిదు ప్రశ్నలు గుడ్డిగా పెడితే ఒకటి ఒప్పు, నాలుగు తప్పు. ఒక మార్కు వచ్చి నాలుగు పావులు పోయాయి. సున్నా. దానికి టైమ్ ఖర్చు దేనికి? వదిలేయండి. నెగటివ్ మార్కులు అనగానే టెన్షన్ పడి, రెండిట్లో ఒకటి తేలేదాన్ని కూడా వదిలేసి వస్తున్నారు. ఆ భయానికి లెక్కలో ఆధారం లేదు.

ఇంకొకరు. "ఒకసారి పెట్టిన జవాబు మార్చొచ్చా సార్?" కొత్తగా ఒక మాట కనపడితే మార్చు. "పూర్తిగా" అన్నది ఇందాక చూడలేదు, ఇప్పుడు చూశావు, మార్చు. ఏ కొత్త మాటా కనపడకుండా, ఊరికే భయమేసి మార్చొద్దు. ఎందుకు మారుస్తున్నావో ఒక్క మాటలో చెప్పగలగాలి.

"కీ తప్పుగా ఉంటే ఏం చేయాలి?" ఉంటాయి నాయనా, అరుదుగా ఉంటాయి. నిజంగా రెండు జవాబులకీ ఆధారం దొరికే ప్రశ్నలు వస్తాయి. అభ్యంతరం పెట్టేటప్పుడు "నాదే కరెక్టు అనిపిస్తోంది" అని రాయొద్దు. ప్యాసేజ్‌లో ఫలానా వాక్యంలో ఫలానా మాట ఉంది, కీలో ఇచ్చిన ఆప్షన్‌లో ఫలానా మాటకి ప్యాసేజ్‌లో ఆధారం లేదు అని రాయండి. మనం ఇంతసేపు చేసిన పనే అది, కాగితం మీద పెడతాం అంతే. కానీ పరీక్ష రాసేటప్పుడు మాత్రం "ఈ ప్రశ్నే తప్పేమో" అన్న ఆలోచన పెట్టుకోవద్దు. హాల్లో కూర్చుని కీ దిద్దడం మన పని కాదు.

సాధన సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తా. పాత పేపర్లు చేశాక మీరేం చేస్తారు? స్కోర్ చూసుకుంటారు, తప్పయినవాటికి కరెక్ట్ ఆప్షన్ చూసి "ఓహో" అనుకుని పేజీ తిప్పేస్తారు. ఆ "ఓహో"లో ఏమీ నేర్చుకోలేదు. ఒప్పు ఆప్షన్ ఎందుకు ఒప్పో చెప్పడం తేలిక. మీరు పెట్టిన తప్పు ఆప్షన్‌లో ఏ మాట దాన్ని పాడుచేసిందో ఆ మాటకి సున్నా చుట్టండి. సున్నా చుట్టలేకపోతే ఆ ప్రశ్న మీకు ఇంకా అర్థం కాలేదు. ఒప్పయిన ప్రశ్నలకీ చేయండి, ముఖ్యంగా అదృష్టం కొద్దీ ఒప్పయిన వాటికి. ఒక యాభై సున్నాలు చుట్టాక వాటిని వరసగా చూడండి. ఒకరికి "పూర్తిగా, అందరూ" దగ్గరే ఎక్కువ సున్నాలు పడి ఉంటాయి. ఒకరికి కారణాల దగ్గర. ఒకరికి, ఇందాకటి అబ్బాయిలాగా, ఇంట్లోంచి తెచ్చుకున్న విషయం దగ్గర. ఎవరి రోగం వాళ్లది, మందు కూడా ఎవరిది వాళ్లదే.

ఇంకో మంచి పని ఉంది, ఇద్దరు ముగ్గురు కలిసి చదువుకునేవాళ్లు చేయొచ్చు. పేపర్‌లోంచి ఒక పేరా తీసుకుని మీరే ఒక ప్రశ్న, రెండు ఆప్షన్లు రాయండి. ఒకటి ఒప్పు, ఒకటి ఒక్క మాటతో తప్పు. పక్కవాడికి ఇవ్వండి. వాడు పట్టుకుంటే మీరు ఓడిపోయినట్టు. దొంగదారి తెలిసినవాడు దొంగని త్వరగా పట్టుకుంటాడు.

ఇప్పుడు కాగితాలిస్తా. రెండు ప్యాసేజ్‌లు, ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు. ప్రతి ప్రశ్నకి రెండే ఆప్షన్లు ఇచ్చా, మిగిలినవి నేనే కొట్టేశా. టిక్ పెట్టొద్దు. తప్పు ఆప్షన్‌లో ఆ మాటకి సున్నా చుట్టండి, చాలు. పదిహేను నిమిషాలు. బాబూ, వెనక నుంచి పంచుకుంటూ రా. ఫోన్లు లోపల పెట్టేయండమ్మా.